ఇరవై నాలుగో కప్పు

ఆ రోజు పొద్దున అమ్మ పెట్టుకున్న పనులు నాలుగే. అయిదింటికి లేవడం, కూతురి బట్టలు ఇస్త్రీ చేయడం, ఏడున్నరకల్లా దాని కడుపులో ఏదో ఒకటి పడేసి బస్సెక్కించడం, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా భయపడటం. నాలుగో పనిని అమ్మ ఏనాడూ వాయిదా వేయలేదు. ఆ రోజు మాత్రం దాన్ని మొదటి పనికంటే ముందే మొదలుపెట్టింది.

కారణం భోజనాల బల్ల మీద ఉంది. అదొక అట్టపెట్టె. మూత మీద అంకెలు అచ్చేసిన జిగురు కాగితపు పట్టీ, పట్టీ మీద రెండు సంతకాలు, పక్కన "పింగాణీ కప్పులు - 24" అని అంటించిన చీటీ.

కూతురు పనిచేసే ఆఫీసు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే సరుకులకు నియమాలు రాస్తుంది. చీటీలో రాసిందీ పెట్టెలో ఉన్నదీ ఒకటేనని అన్ని దేశాలూ నమ్మే పద్ధతి ఒకటి ఉండాలి కదా. లేకపోతే ఒక్కో రేవులో ఒక్కొక్కరు పెట్టె విప్పడం, మళ్లీ కట్టడం, ఆ విప్పుడు కట్టుడులో సగం సరుకు పగలడం. దీనికి విరుగుడుగా కూతురు రెండేళ్లు కూర్చుని ఒకే ఒక్క వాక్యం రాసింది: "ముద్రపట్టీ చెక్కుచెదరకుండా ఉండి, తూకం సరిపోతే, పెట్టెను తెరవనవసరం లేదు." ఆ రోజు తొమ్మిదింటికి పది దేశాల ప్రతినిధులు కూర్చుని ఆ వాక్యానికి సరే అంటే అది అంతర్జాతీయ ప్రమాణం అవుతుంది, కూతురి ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. కాదంటే నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది, అంతే సంగతులు.

సభలో చూపించడానికని ముందురోజు సాయంత్రం కూతురూ, ఆ ప్రమాణాలు ఖాయం చేసే సంఘం అధ్యక్షుడూ కలిసి ఆ పెట్టెకు ముద్ర వేశారు. ఆఫీసు స్టోరు పదింటికి గాని తెరవరు కాబట్టి ఆయన అనుమతితోనే కూతురు దాన్ని ఇంటికి తెచ్చింది.

"అమ్మా, దీన్ని మాత్రం ముట్టుకోకు."

"నాకేం పని తల్లీ దాంతో?" అంది అమ్మ. అన్నప్పుడు నిజంగానే అంది.

పొద్దున బల్ల తుడవడానికి పెట్టెను కాస్త పక్కకు జరిపింది. లోపల ఏదో టక్కుమంది.

అమ్మ గుండె కూడా టక్కుమంది. కప్పు పగిలింది. ఇంకేముంది, పది దేశాల వాళ్ల ముందు పిల్ల మూత తీస్తుంది, పెంకులు జలజలా రాలతాయి, వాళ్లు నవ్వుతారు, ఉద్యోగం పోతుంది, పిల్ల మంచం పడుతుంది. పగిలింది కళ్లారా చూసుకుంటే కనీసం దాన్ని లేపి చెప్పొచ్చు. ముందుగా తెలిస్తే దెబ్బ సగమే తగులుతుందని అమ్మ నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఇంటికి వచ్చిన ప్రతి కవరునూ ముప్ఫై ఏళ్లుగా అమ్మే మొదట చూసేది. కూతురి మార్కుల కవర్లు, భర్త రక్తపరీక్ష కాగితాలు, ఉద్యోగాల ఉత్తరాలు, అన్నీను. కెటిల్ ఆవిరి మీద అంచు రెండు నిమిషాలు పట్టుకుని, చెంచా కాడ సన్నగా దూర్చి, చదువుకుని, ఏడవాల్సింది ఏడ్చేసి, మళ్లీ అంటించి బల్ల మీద పెట్టేది. ఒక్క కవరు కూడా చిరగలేదు. ఒక్కరికి కూడా తెలియలేదు.

పెట్టె కూడా అలాగే విప్పుకుంది. పట్టీ అరటితొక్కలా వచ్చేసింది. లోపల ఇరవై నాలుగు గళ్లు. కప్పులు మాత్రం ఇరవై మూడు! పక్క గడి ఖాళీ కావడంతో ఒక కప్పు ఒరిగి చప్పుడు చేస్తోంది. అమ్మ మూడుసార్లు లెక్కపెట్టింది. బల్ల కింద కూడా చూసింది.

"ఇరవై నాలుగని రాసి సంతకం పెట్టావు కదే, పిచ్చిపిల్లా..." అనుకుంది. లేపి చెబుదామంటే, విప్పిన సంగతీ చెప్పాలి.

అంతలో వంటింటి గూట్లో తెల్లగా, బుద్ధిగా కూర్చున్న కప్పు కనిపించింది. కిందటేడు ఆఫీసులో మిగిలిపోయిందని కూతురు తెచ్చి నాన్నకిచ్చిన కప్పు. అదే రకం, అదే కొలత. నాన్నకు జలుబు చేసినప్పుడు ఇంకొకరికి అందులో పోయకుండా తన గుర్తుకని దాని అడుగున అమ్మే గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. అడుగు ఎవరు చూస్తారు? కడిగి, తుడిచి, ఖాళీ గడిలో కూర్చోబెట్టింది. పట్టీ అంటించి, పైన బట్ట వేసి, ఎలాగూ వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టెతో ఒక్కసారి అదిమింది. సంతకాల గీతలు తలవెంట్రుక వాసి కూడా జరగలేదు.

బిడ్డ బతుకు నిలబెట్టానన్న ధీమాతో అమ్మ ఒక గంటసేపు అసలు భయమే లేకుండా గడిపింది. ఆ గంటను తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సిగ్గు.

ఏడున్నరకు కూతురు పెట్టెతో వెళ్లింది. ఎనిమిదింటికి నాన్న లేచాడు.

"ఏమే, నా కప్పేదీ?"

"పగిలింది."

"ముక్కలేవీ?"

"పారేశాను."

నాన్న వెళ్లి చెత్తబుట్టలోకి తొంగిచూశాడు. "బుట్ట ఖాళీగా ఉంది కదే. ముక్కలు కూడా పగిలాయా?"

అమ్మ గిన్నెలు తోమే చప్పుడు పెంచింది.

అక్కడ సభ బాగానే మొదలైంది. పొడవాటి బల్ల, పది నీళ్ల గ్లాసులు, మధ్యలో పెట్టె. కూతురు లేచి నిలబడింది. "పెద్దలారా, నిన్న అధ్యక్షులవారూ నేనూ ఇందులో కావాలనే ఒక కప్పు తక్కువ పెట్టి ముద్ర వేశాం. చీటీలో ఇరవై నాలుగు, లోపల ఇరవై మూడు. తెరవకుండానే తూకం ఈ మోసాన్ని ఎలా పట్టిస్తుందో చూడండి," అని పెట్టెను త్రాసు మీద పెట్టింది.

త్రాసు ఇరవై నాలుగు కప్పుల బరువు చూపించింది.

కూతురు పెట్టెను దించి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. "త్రాసు చెడిపోయినట్టుంది," అన్నాడు అధ్యక్షుడు. ఇంకో త్రాసు తెప్పించారు. అదీ అదే మాట. మూడోది తెచ్చినప్పుడు ప్రతినిధుల్లో గడ్డం ఉన్న ఒకాయన లేచి ముందు తనే ఎక్కి చూశాడు. తన బరువు సరిగ్గానే చూపించేసరికి మొహం చిన్నబుచ్చుకుని దిగి, "త్రాసు మంచిదే," అన్నాడు.

పెట్టె తెరిచారు. ఇరవై నాలుగు కప్పులు. ఒకదాని లోపల టీ మరక, అడుగున ఎర్రచుక్క.

"గుర్తు!" అన్నాడు గడ్డం ప్రతినిధి. "ఇది దొంగరవాణా వాళ్ల గుర్తు. ఎవరో ఎవరికో కబురు పంపుతున్నారు." ఎందుకైనా మంచిదని తలుపులు మూయించారు. కప్పును చేతిరుమాలుతో పట్టుకుని భూతద్దం కింద పెట్టారు. పట్టీని పరీక్షించే ల్యాబ్ ఆయన అరగంట చూసి, ఈ పట్టీ విప్పితే చిరగాల్సిందే, చిరగలేదు కాబట్టి విప్పలేదు అని తేల్చాడు. విప్పలేదంటే కప్పు నిన్ననే పెట్టారు. నిన్న పెట్టింది ఇద్దరే. పది జతల కళ్లు అధ్యక్షుడి మీదికీ కూతురి మీదికీ తిరిగాయి.

అధ్యక్షుడు చెమట తుడుచుకున్నాడు. "రాత్రంతా మీ ఇంట్లోనే ఉంది కదమ్మా. మీవాళ్లెవరైనా ముట్టుకున్నారేమో అడుగు."

కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, స్పీకర్లో పెట్టాను, అందరూ వింటున్నారు. నువ్వు పెట్టె ముట్టుకున్నావా?"

అందరూ అంటే పది దేశాలు. అమ్మ బల్ల తుడిచే గుడ్డను వెనక్కి దాచుకుంది. "లేదు తల్లీ. బల్ల కూడా తుడవలేదు," అంది. ఎవరూ అడగని బల్ల సంగతి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

ఫోన్ పెట్టేసే ముందు కూతురి మాటలు వినబడ్డాయి. అవి అమ్మతో అన్నవి కావు, సభతో అన్నవి. "మా అమ్మకు అన్నిటికీ భయమే గాని, అబద్ధం మాత్రం ఆడదండీ."

అమ్మ ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆ మాట అనకపోయినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

"ఏమండీ, చొక్కా వేసుకోండి. మీ కప్పు ఎక్కడుందో చెప్తాను," అంది.

బస్సులో దారి పొడుగునా నాన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. "ఇంట్లో ఇన్ని కప్పులుండగా నాదే దొరికిందా నీకు?"

వాళ్లు చేరేసరికి కూతురు మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి సంజాయిషీ రాస్తోంది. తలుపు దగ్గర ఆపబోయిన కాపలా మనిషిని దాటుకుని, అద్దం కింద వెలుగులో ఉన్నదాన్ని చూసి నాన్న గట్టిగా, "అదిగో నా కప్పు!" అన్నాడు.

సభ మొత్తం లేచి నిలబడింది. గడ్డం ప్రతినిధి కుర్చీ వెనక్కి వెళ్లాడు. కబురు అందుకోవాల్సిన మనిషి దొరికాడని ఆయన లెక్క.

"ఆయన్నేమీ అనకండి బాబూ," అంది అమ్మ. "చుక్క నేనే పెట్టాను, జలుబుకు. కప్పూ నేనే పెట్టాను. పెట్టె విప్పింది కూడా నేనే. ఇందాక ఆడింది అబద్ధం. మా పిల్లకేమీ తెలియదు."

కూతురి చేతిలో కలం ఆగిపోయింది.

ల్యాబ్ ఆయన జాలిగా నవ్వాడు. "చూడండమ్మా, కూతుర్ని కాపాడుకోవాలని మీ ఆరాటం. కానీ ఈ పట్టీని ఆరు ప్రయోగశాలల్లో పరీక్షించాం. యంత్రాలతో లాగాం. మంచులో పెట్టాం. ఇది విప్పడం మనుషుల వల్ల కాదు."

"మంచులో పెడితే ఎలా వస్తుంది బాబూ? ఆవిరి తగలాలి గాని," అంది అమ్మ. "మీ దగ్గర కెటిల్ ఉంటుందా? ఒక చెంచా కూడా ఇప్పించండి."

కొత్త పెట్టెకు అందరి ఎదుటా ముద్ర వేశారు. పక్క గదిలోంచి టీ కెటిల్ వచ్చింది. అమ్మ కొంగు బిగించుకుని, ఆవిరి పట్టి, చెంచా కాడ దూర్చింది. నాలుగు నిమిషాలు. పట్టీని రెండు చేతుల మీద పరిచి ల్యాబ్ ఆయనకు అందించింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, తిప్పి చూశాడు, చివరికి కుర్చీలో కూర్చుని చూశాడు. ఇంతలో ప్రతినిధులు ఒక్కొక్కరూ తమ తమ దేశాల ముద్రపట్టీలు సంచుల్లోంచి తీశారు. తొమ్మిది విడిపోయాయి. పదోది చిరిగింది. అది తనదైనందుకు గడ్డం ప్రతినిధి ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇది?" అన్నాడు ల్యాబ్ ఆయన, ఈసారి మర్యాదగా.

"నేర్చుకోవడమేముంది బాబూ, పిల్ల మార్కుల కవర్లు..." అంటూ నోరు జారి, అమ్మ కూతురి వైపు చూసింది.

కూతురు మెల్లగా లేచింది. "అంటే... నేను లెక్కల్లో తప్పినప్పుడు నీకు ముందే తెలుసా? కవరు విప్పి చూపిస్తే ఏమీ తెలియనట్టు గుండెలు బాదుకుని ఏడ్చావు కదా!"

"అది రెండోసారి ఏడవడం తల్లీ."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు.

కప్పు మీద అనుమానం పోయింది, అధ్యక్షుడు ఊపిరి పీల్చుకున్నాడు, కూతురి కార్డు కూతురికి తిరిగి వచ్చింది. వాక్యం మాత్రం నిలవలేదు. ఒక కెటిల్‌తో, ఒక చెంచాతో విడిపోయే పట్టీని నమ్మి పెట్టెలు తెరవకుండా ఎలా పంపుతాం అన్నారు. పది చేతులు లేచాయి. కూతురు రెండేళ్లు కూర్చుని రాసిన వాక్యాన్ని తన కలంతో తనే కొట్టేసింది. ఆవిరికి లొంగని పట్టీ కనిపెట్టేదాకా ఆమెను ఇంకో రెండేళ్లు కాంట్రాక్టు మీద ఉంచాలా వద్దా అన్నది ఆలోచించి ఉత్తరం రాస్తామన్నారు.

తిరుగు బస్సులో నాన్న ఒళ్లో కప్పు పెట్టుకుని కునికిపాట్లు పడ్డాడు. అమ్మ కిటికీలోంచి చూస్తూ అంది. "ఒకటి కావాలనే తీశానని ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా తల్లీ."

"ఒక్క మాట అడిగి ఉండొచ్చుగా అమ్మా."

నీ కోసమే చేశాననే మాట అమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఇంతకుముందు ఎన్నిసార్లు అని ఉంటుందో గుర్తుకొచ్చి మింగేసింది. కాసేపటికి కూతురు తల అమ్మ భుజం మీద వాలింది. నిద్రపోయిందో, క్షమించిందో అమ్మకు తెలియలేదు. ఈసారి విప్పి చూడలేదు.

పదిహేను రోజులకు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. పొద్దున పదకొండింటికి వచ్చింది. కూతురు వచ్చేది ఆరింటికి. అమ్మ దాన్ని బల్ల మధ్యలో పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కాంట్రాక్టు ఉంటుందా, పోతుందా? ఎత్తిపట్టి వెలుతురులోకైనా చూడలేదు. మూడింటికి నాన్న టీ అడిగాడు.

"ఈ రోజు పొయ్యి మీద నీళ్లు పెట్టను," అంది అమ్మ. "కావాలంటే మజ్జిగ తాగండి."

నాన్న తన కప్పులో మజ్జిగ పోసుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఏడు గంటలు. అమ్మ జీవితంలో ఒక చెడ్డవార్త కోసం అందరితో పాటు ఎదురుచూడటం అదే మొదలు.

ఆరింటికి కూతురు వచ్చింది, కవరు చేతిలోకి తీసుకుంది, విప్పబోయే ముందు అంచు పొడవునా వేలితో ఒకసారి తడిమి చూసింది.