దలా రేసుకి ఎర్ర తోలు

ఆ శనివారం పొద్దున, బర్మాలో యాంగోన్ ఊరి పజుండౌంగ్ పేటలోని ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: తోలు పని చేసే శామ్సన్, ఆయన తల్లి మార్గరెట్, ఆయన కూతురు ఎస్తేరు రాణి, బాగో వైపు పల్లె నుంచి వచ్చిన మేనకోడలు కెరెన్, హ్యాంగరుకి వేలాడుతున్న ఒక తోలు సూటు. సూటులో మనిషి లేడు. అయినా దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. కొన్ని వారాలుగా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద అందుకుంటున్నది అదే. చూపు మందగించిన మార్గరెట్ అయితే రోజూ దాని పక్క నుంచి పోతూ, "నిలబడే ఉన్నావేటి నాయినా, కూకో" అనేది.

సూటు చంద్రరావు గారిది. ఓడల్లో ఇంజన్లు చూసి రిటైరైన ఆయనకి ఒక పాత మోటార్ సైకిల్ ఉంది. యాంగోన్ ఊళ్ళో మోటార్ సైకిల్ నడపనివ్వరు కాబట్టి అది నది అవతల, దలాలో ఒక షెడ్డులో ఉంటుంది. ఏటా ఒక ఆదివారం ఆయనలాంటి పెద్దమనుషులు కొందరు అక్కడ చేరి పాత బళ్ళ మీద రేసు పెట్టుకుంటారు. తోలు సూటు లేనివాడికి అందులో చోటు లేదు. చంద్రరావు గారి పాత సూటు, ఆయన బూటు లేసు కట్టుకోబోతే వెనక నిలువునా చిరిగింది. అందుకే ఈ కొత్తది. రేపే రేసు.

పాత సూటుతో ఇంకో బాధ కూడా ఉండేది. రేసులో అందరివీ నల్ల తోళ్ళే, అందరి తలలకీ హెల్మెట్లే. నిరుడు ఆయన భార్య కోటేశ్వరి గారు రేసు ముగిసే గీత దగ్గర మల్లెదండ పట్టుకుని నిలబడి, ఎదురొచ్చిన ఒక నల్ల సూటు మెడలో ఆప్యాయంగా వేసేశారు. హెల్మెట్ తీస్తే ఆయన రామలింగం అనే బియ్యం వ్యాపారి. ఆ ఫోటో ఇప్పటికీ చాలామంది ఫోన్లలో ఉంది. చంద్రరావు గారు కొన్నాళ్ళు భార్యతో కాకుండా గోడతో మాట్లాడారు.

ఈ సంగతులేవీ కెరెన్‌కి తెలియవు. ఇంటికి ఎవరొచ్చినా ఆమె వంటింట్లోకి పోయి, వాళ్ళు వెళ్ళేదాకా కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. ఆమె వచ్చింది మావయ్య దగ్గర తోలు పని నేర్చుకుందామని. కానీ ఆడపిల్లలు పనిగది గడప దాటకూడదన్నది శామ్సన్ పెట్టిన నియమం. కత్తి తోలు మీద నడిచే చప్పుడు ఆమె తలుపు సందులోంచి వినేది. బతిమాలగా ఒకసారి జిగురు పని ఇస్తే, ఒక జత చెప్పుల్ని రెండూ ఎడమ కాలికే తయారుచేసింది. అప్పుడే శామ్సన్ ఖరాఖండిగా చెప్పేశాడు: "ఇంకొక్కటి పాడుసేసినావంటే, సోమవారం బస్సెక్కించి మీ అమ్మకి అప్పజెప్పీస్తాను."

ఆ పొద్దున ఆయన చెప్పులేసుకుంటూ మళ్ళీ పిలిచాడు.

"ఒలే కెరెన్, నేను పబేడాన్ బజారుకెల్లొస్తాను. ఈ సూటు బాల్కనీలో గాలికి ఏలాడగట్టు. ఎండొస్తే లోనికి తే. ఏటి సెయ్యాల?"

"గాలికెట్టాల. ఎండొస్తే తేవాల."

"ఇంకేటి సెయ్యాల?"

"ఇంకేటీ సెయ్యకూడదు."

"అద్దీ" అని ఆయన మెట్లు దిగాడు.

కెరెన్ చెప్పినట్టే చేసింది. బిస్కెట్ రంగు తోలు గాలికి మెల్లగా ఊగుతుంటే ఎంతో అందంగా అనిపించింది. అంతలో పై అంతస్తు నుంచి కిందికి వేలాడే తాడుకి కట్టిన గంట మోగింది. ఆ తాడు వీరన్న తాతది. వీధిలో కొట్టువాడు దాని క్లిప్పుకి కిళ్ళీల పొట్లం తగిలించి గంట కొడితే, ఆయన గదిలోంచి కదలకుండానే పైకి లాక్కుంటాడు. పొట్లం సూటు ముందు నుంచి మెల్లగా పైకి వెళ్ళింది. కాసేపటికి కిళ్ళీ కిందికి వచ్చింది. ఈసారి తాడు వాడలేదు.

సరిగ్గా గుండె మీద, అరచేయంత ఎర్రటి మరక.

కెరెన్ తల పైకెత్తి "తాతా" అనబోయింది. పెద్దాయన. ఏమని అంటుంది? నోటి దాకా వచ్చిన మాటని మింగేసి లోపలికి పరిగెత్తింది.

"అమ్మమ్మా, కిళ్ళీ మరక దేంతో పోతాది?"

"బట్టల సబ్బెట్టి గట్టిగా రుద్దు. మీ తాత లుంగీలన్నీ నేనలాగే ఉతికీదాన్ని" అంది మార్గరెట్. మరక దేని మీద అని ఆమె అడగలేదు. తోలు మీద అని ఈమె చెప్పలేదు.

బట్టల సబ్బు పెట్టి గట్టిగా రుద్దేసరికి మరక గుండె నుంచి బయలుదేరి పొట్ట దాకా వచ్చింది. కెరెన్‌కి ఏడుపు వచ్చింది, ఆ వెంటనే ఉపాయం కూడా వచ్చింది. బర్మా ఆడవాళ్ళు ముఖానికి రాసుకునే తనకా చెక్కని రాయి మీద అరగదీసింది. మరీ తెల్లగా ఉందని చిటికెడు పసుపు కలిపింది. తోలు రంగు అచ్చంగా వచ్చింది, గిన్నెలో. సూటు మీద పూసింది. బట్టల సబ్బు తగిలితే పసుపు ఏమవుతుందో తెలుగు వంటింట్లో పెరిగిన ఎవరికైనా తెలుసు. కంగారులో కెరెన్ ఒక్కతే మరిచిపోయింది. ఆమె చూస్తుండగానే పొట్టంతా రక్తంలా ఎర్రబడింది.

అప్పుడే ఎస్తేరు రాణి ఫోన్ చూసుకుంటూ బాల్కనీలోకి వచ్చింది. ఆమె ఫోన్‌లో చెప్పులు అమ్ముతుంది. తండ్రి పనిగదిలో ఏం తయారవుతోందో, అమ్మకానికి వచ్చేదాకా ఆమెకి పట్టదు.

"ఓలమ్మా! ఎవల్నైనా పొడిసీసినావేటే?"

"వదినా, మావయ్య నన్ను పంపించీస్తాడు."

"ఏడవకు. ఆగు." ఎస్తేరు రాణి సూటుని అటూ ఇటూ తిప్పింది. "ఒక సోట ఎర్రగుంటే మరక. అంతా ఎర్రగుంటే రంగు. ఇంతే కదా?"

ఇంతే అనిపించింది కెరెన్‌కి కూడా. ఆడవాళ్ళ చెప్పులకి వేసే ఎర్ర రంగు డబ్బా, దాని మీద పూసే మెరుపు వార్నిష్ సీసా, తండ్రి లేడు కదా అని ఎస్తేరు రాణి పనిగదిలోంచి తెచ్చింది. నియమం ప్రకారం కెరెన్ గడప ఇవతలే నిలబడి అందుకుంది. బ్రష్షు చేతికి వచ్చాక మాత్రం ఆమె భయం ఎటో పోయింది. కుట్టు పక్కన ఎక్కడా చుక్క ఒలకకుండా, ఒక్క గీత పడకుండా వేసింది. భుజాల మీద రెండు పట్టీలు మాత్రం తోలు రంగులోనే వదిలేసింది. అక్కడ అలా ఉంటే బాగుంటుందనిపించింది, అంతే. ఎస్తేరు రాణి కూడా కాసేపు ఫోన్ దించి చూసింది.

మధ్యాహ్నం శామ్సన్ చేతిలో ఒక డబ్బాతో వచ్చాడు.

"సూటేదే?"

"అదిగో" అంది మార్గరెట్. "నిన్నటాయన ఎల్లిపోనాడు. ఈయనెవులో ఎర్రగా ఉన్నాడు."

శామ్సన్ చూశాడు. ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు.

"ఇదేటిది?"

"మరక" అంది కెరెన్.

"ఏ మరక?"

"వీరన్న తాత కిళ్ళీ. ఇప్పుడు అవుపడదు మావయ్యా."

శామ్సన్ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. లోపల కాటుకలాంటి నల్ల రంగు. "నేను పబేడాన్ దేనికెల్లేను? దీనికి! సూటంతా నల్లగా ఎయ్యాల! ఆ మరక దీని కింద పడుంటే దేవుడికి కూడా అవుపించీది కాదు!"

కెరెన్ డబ్బాలోకి తొంగి చూసింది.

"నల్లగా ఎయ్యాలని నాకు తెలుసు కదా" అంది మార్గరెట్. "నన్నెవులూ అడగలేదు."

శామ్సన్ బ్రష్షు ముంచి ఎర్ర చేతి మీద నల్ల రంగు వేశాడు. చుక్కలు తామరాకు మీది నీళ్ళలా దొర్లుకుంటూ వచ్చి ఆయన పాదాల మీద పడ్డాయి. వానలో తడిసినా పోని వార్నిష్ అది. దాని మంచితనం గురించి ఎస్తేరు రాణి ఫోన్‌లో రోజూ చెబుతూనే ఉంటుంది.

సాయంత్రం చంద్రరావు గారు వచ్చారు. చాలాసేపు చూశారు.

"శామ్సన్, నేను నల్లగా అన్నాను."

"అన్నారండి."

"ఇది నలుపా?"

"కాదండి."

"రేసులో తోలంటే నలుపయ్యా! పాత కాలం నించీ అంతే. ఇలాగెల్తే పెళ్ళికూతురొచ్చిందంటారు. ఎవలీ పని సేసింది?"

శామ్సన్ నోరు తెరిచేలోపే వంటింటి తలుపు చాటు నుంచి కెరెన్ బయటికి వచ్చింది. కొత్తమనిషి ముందుకి తనంతట తాను రావడం ఆమెకి అదే మొదటిసారి. "నేనే" అంది. ఇంకా ఏదో చెబుదామనుకుంది గానీ, తెచ్చుకున్న ధైర్యం ఆ ఒక్క మాటకే సరిపోయింది.

వేరే సూటు లేదు. సూటు లేకపోతే రేసు లేదు. చివరికి చంద్రరావు గారే తేల్చారు. వాళ్ళింట్లో మోకాళ్ళ దాకా వచ్చే నల్ల రెయిన్‌కోటు ఉంది. మెడ దాకా గుండీలు పెట్టుకుని దాన్ని పైన వేసుకుంటారు. ఆయన వెళ్ళాక శామ్సన్ కెరెన్ వైపు చూడకుండా, "రేపు సూదీ దారం సంచీ పట్టుకుని నాతో రా. ఎల్లుండి బస్సు" అన్నాడు.

ఆదివారం ఫెర్రీలో చంద్రరావు గారు తోలు సూటు మీద రెయిన్‌కోటుతో నిలబడ్డారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పక్కనున్న చేపలామె ఆయన్నీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి తన బుట్ట మీద కూడా పట్టా కప్పుకుంది.

రేసు మొదలైంది. దలా మట్టిరోడ్డు మీద దుమ్ము లేచింది. దుమ్ములో నల్ల సూట్లు, నల్ల సూట్లు, ఒక నల్ల కోటు. గీత దగ్గర కోటేశ్వరి గారు దండ పట్టుకుని కళ్ళు చిట్లించారు.

"ఏ నలుపు మాది బాబూ?"

"కోటున్న నలుపమ్మా" అన్నాడు శామ్సన్.

"అందరూ ఒకేలాగున్నారు. నిరుటిలాగైతే ఈసారి నేనింటికెల్లలేను."

రెండో చుట్టులో గాలి రెయిన్‌కోటులోకి దూరింది. అది బుడగలా ఉబ్బింది. గుండీలు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. కోటు ఆయన్ని వదిలి, గాల్లో కాసేపు తిరిగి, వెనక వస్తున్న సూటు ముఖం మీద వాలింది. ఆ సూటులో ఉన్నది రామలింగం. ఆయన జాగ్రత్తగా బండి ఆపి, దిగి, కోటు మడతపెట్టి గట్టు మీద పెట్టి మళ్ళీ ఎక్కేలోపు అందరూ దాటిపోయారు.

దుమ్ములోంచి ఎర్రగా మెరుస్తూ చంద్రరావు గారు బయటపడ్డారు.

"అదుగో! అదుగో మా ఆయన! ఆ ఎర్రాయన మా ఆయనే!" కోటేశ్వరి గారు కేక పెట్టారు. గట్టు మీది జనం అందుకున్నారు. ఎవరి పేరూ తెలియని రేసులో వాళ్ళకి గుర్తుపట్టడానికి ఒక్క మనిషి దొరికాడు. "ఎర్రాయన" అని బర్మీస్‌లో అరుపులు మిన్నంటాయి. నల్లగా ఉన్నవాళ్ళలో ముందెవరొచ్చారో పెద్దలు చాలాసేపు వాదించుకున్నారు. ఎర్రాయన వచ్చింది చివరి నుంచి రెండో స్థానంలో. ఆ విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. దండ పడవలసిన మెడలోనే పడింది.

దండతో చంద్రరావు గారు చుట్టూ చేరినవాళ్ళకి చెబుతున్నారు: "రంగు నా ఆలోచనే. బయటి దేశాల్లో కూడా ఒకప్పుడు రేసుల్లో అంతా నల్ల తోళ్ళే. తరవాత ఎవడో రంగుల్లో వొచ్చేడు. దూరం నించి గుర్తుపట్టొచ్చని అందరూ అదే పట్టుకున్నారు. మొదట ఎందుకేసుకున్నాడో మరి!"

"ఆడి మేడ మీద కూడా ఒక వీరన్న ఉండుంటాడు" అని శామ్సన్ గొణిగాడు. కెరెన్‌కి నవ్వొచ్చింది. ఎల్లుండి బస్సు రేపటి బస్సు అయిందని గుర్తొచ్చి ఆపుకుంది.

సోమవారం పొద్దున ఆమె సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడింది. బస్సుకి వేళవుతోంది. తలుపు తీస్తే మెట్ల నిండా పెద్దమనుషులు, వాళ్ళ వెనక భార్యలు.

"మా ఆయనకి ఆకుపచ్చ."

"మాకు నీలం. భుజాల మీద ఆ పట్టీలుండాల."

"నాకు ఏ రంగైనా పరవాలేదు" అన్నాడు రామలింగం, "కోటేశ్వరి గారు నా మీదికి రాకుండా ఉండాల, అంతే."

"ఆ పట్టీలేసిన పనివాడెవుడయ్యా?" అని ఇంకొకాయన అడిగాడు.

శామ్సన్ కెరెన్‌ని చూశాడు. ఆమె భుజానున్న సంచీని చూశాడు. సంచీ తీసి అటక మీదికి విసిరి, ఆమె చెయ్యి పట్టుకుని పనిగది గడప దాటించాడు.

"పట్టీలు నువ్వే ఎయ్యాల. ముందు ఆ కత్తి పట్టడం నేర్సుకో. ఈ జనం ఎల్లేదాకా బైటికి రాకు."

"మావయ్యా, అమ్మమ్మ పొద్దున్నే కొత్త తోలు తీసి బాల్కనీలో—"

శామ్సన్ తలుపు మూసేశాడు. బాల్కనీ వైపు గంట మోగింది, వీరన్న తాత పొట్లం మెల్లగా పైకి వెళ్ళింది.