పుల్లపురుగు తనిఖీ

తెల్లవారగానే జీవశాస్త్రం మాస్టారు గాజుసీసాలోని పుల్లపురుగును బడికి తీసుకెళ్లడానికి సిద్ధమయ్యారు. ఆ రోజు తనిఖీ. ఎండుపుల్లలా ఒళ్లు సాగదీసుకుని శత్రువు కళ్లుగప్పే ఆ పురుగును చూపించి, నిర్మాణాత్మక అనుకూలనం మీద పాఠం చెప్పాలి. పాఠం నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే ఊడుతుంది.

వంటింట్లో సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"ఇందులో పురుగేదండీ అత్తయ్యగారూ?"

"పురుగా? పురుగెక్కడిది బాబూ! రెండాకులూ ఓ ఎండుపుల్లా ఉంటే పెరట్లోకి విసిరేసి, శుభ్రంగా తోమిపెట్టా," అన్నారు అత్తగారు.

మాస్టారు పెరడంతా మోకాళ్ల మీద దేకారు. అక్కడున్నవన్నీ పుల్లలే. ఏది పాకుతుందో చూద్దామని ఊపిరి బిగబట్టి కూర్చుంటే బడి గంట ఆగదు కదా! చివరికి కాస్త పురుగు పోలికలున్న పుల్లనొకదాన్ని ఏరి, సీసాలో వేసుకుని పరుగుతీశారు.

తరగతిలో తనిఖీ అధికారి సీసాకు ముక్కు ఆనించాడు. "కదలదేం?"

"శత్రువు చూస్తున్నంతసేపూ కదలదండీ," అనేసి, అధికారి మొహం చూసి మాస్టారు నాలుక కరుచుకున్నారు.

పక్కనే ఉన్న బడి పెద్దమేడమ్ చప్పున అందుకుంది. "మీరంటే భయభక్తులండీ దానికి. నిన్న నా చేతిమీదే పాకింది!" నిన్న ఆవిడ సెలవులో ఉంది.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, దీనికి కాళ్లేవి?"

"ముడుచుకుంది," అంది పెద్దమేడమ్.

"మరి కళ్లు?"

"మూసుకుంది," అన్నాడు అధికారి, తానేం తక్కువ తినలేదన్నట్టు. "ఇదిగో, ఇప్పుడే నన్ను చూసి మూసుకుంది."

పురుగులకు రెప్పలుండవని చెప్పాల్సిన మనిషి చాక్‌పీసు నలుపుతూ నిలబడ్డారు. ఈలోగా పిల్లలంతా తలలు వంచి, 'పుల్లపురుగు కళ్లు మూసుకొనును' అని రాసేసుకుంటున్నారు. అది చూసి మాస్టారికి ఇక మనసొప్పలేదు. ఉద్యోగం పోతే పోయింది.

"అయ్యా, తప్పయింది. అది పురుగు కాదు, ఉత్త పుల్ల."

పెద్దమేడమ్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. అధికారి మళ్లీ వంగి చూసి, పకపకా నవ్వాడు.

"భలే! పెంచిన మనిషే పుల్లనుకుంటున్నాడు. అనుకూలనమంటే అదీ! పాఠమంటే ఇలా చెప్పాలి!"

"నిజంగా పుల్లేనండీ!"

"చాల్లేవయ్యా, నటన కూడా దంచేస్తున్నావు."

మాస్టారి ఉద్యోగం ఆ సాయంత్రమే ఖాయమైంది. సెలవుల్లో సైతం రెండుపూటలా వచ్చి సీసాలో లేతాకులు వేయాలన్న ఉత్తర్వూ దానితోపాటే వచ్చింది. ఆయన వేస్తున్నారు. ఈమధ్య అది కాస్త చిక్కిందని పెద్దమేడమ్ బెంగ పెట్టుకుంది.