యానాపాంపాలో కుదురు దినం

జూలై పన్నెండో తేదీ మధ్యాహ్నం పన్నెండు దాటాక యానాపాంపా ప్రావిన్సులో కుదురులేని పిల్లలు ఒక్కరు కూడా మిగలరని ప్రాంతీయ ఆరోగ్య డైరెక్టర్ డాక్టర్ ఎవారిస్తో పలోమినో గారు ప్రకటించారు. ఆ ప్రకటన మైకులో చదివింది నేనే. అందుకే అది నిజమని అందరికంటే ముందు నాకు తెలిసింది.

నా పేరు ఫౌస్టినో. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రావిన్సులో ఏ సభ జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. సభలో ఎవరు ఏం మాట్లాడారన్నది ఎవరికీ గుర్తుండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. వచ్చిన పెద్దలను హోదాలతో సహా, వరస తప్పకుండా, పేరుపేరునా పలకరించామా లేదా అన్నదే సభకు ప్రాణం. ఒకసారి పశువైద్య ఉపాధికారి పేరు నీటి సంఘం అధ్యక్షుడి తర్వాత చదివాను. ఆ అలకలో ఒక వంతెన మూడేళ్లు ఆగిపోయింది. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్ల పేరు మధ్యలో ఇరికించడం అమర్యాద, మళ్లీ మొదటినుంచి చదవాలి. ఆ తర్వాత మాట్లాడే ప్రతి వక్తా అదే జాబితాను తన నోటితో ఇంకోసారి చదవాలి. మా దగ్గర ప్రజాస్వామ్యం ఇంత బలంగా ఉందంటే దీనివల్లే.

ఇక రోగి సంగతి. మార్కెట్ మూలన తోపుడుబండి మీద క్వినోవా జావ అమ్మే సెనోబియాకు ఐదేళ్ల కూతురుంది, పేరు బ్రీసా. పొద్దున్నే నేను జావ తాగేది అక్కడే. ఆ పిల్ల కాలు ఒకచోట నిలవదు. గ్లాసు కడగమంటే సగం కడిగి కోడిపిల్లల గంప దగ్గరికి పరిగెడుతుంది, గంప మూత తీసి దాన్నీ వదిలేసి ఆగి ఉన్న బస్సెక్కుతుంది. మే నెలలో అలా ఎక్కిన బస్సు కదిలింది. పిల్ల రెండు ఊళ్ల అవతల దొరికింది. ఆ రోజు సెనోబియా చెప్పులు లేకుండా రోడ్డు వెంట పరిగెత్తడం నేను చూశాను.

కిండర్‌గార్టెన్ టీచరు దోన్యా ఒర్తెన్సియాకు కూడా ఓపిక అయిపోయింది. చికిత్స పూర్తయిందని కాగితం తెస్తేనే జూలై సెలవుల తర్వాత బడికి రానిస్తానని, లేకపోతే పిల్లను ఇంట్లోనే ఉంచుకోమని తేల్చి చెప్పింది.

సలహాలకేం, ఊరంతా డాక్టర్లే. ఒకరు వలేరియన్ వేరు కషాయం పట్టమన్నారు. జబ్బు దానిలోకి దిగిపోతుందని ఒకరు నల్ల గినీపందిని పిల్ల ఒళ్లంతా రుద్దించమన్నారు. మందుల షాపాయన తన అత్తగారు వేసుకునే నిద్రమాత్రలో సగం ఇవ్వబోయాడు. సెనోబియా కషాయం పట్టింది, గినీపందిని రుద్దించింది. గినీపంది చచ్చిపోయింది. దాన్ని పూడ్చడానికి బ్రీసా మూడు గోతులు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తిగా తవ్వలేదు. మాత్ర దగ్గర మాత్రం తల్లికి చెయ్యి రాలేదు. పిల్లను తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది.

అక్కడ మారిత్సా అని, ఏడాది పల్లె సేవ కోసం రాజధాని నుంచి వచ్చిన సైకాలజిస్టు ఉంది. ఆమె పిల్లను మూడుసార్లు చూసింది, తల్లిని అడిగింది, బడికి వెళ్లి టీచర్నీ అడిగింది. అప్పుడు గాని ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని అతిచురుకుదనం, అన్న మాట అనలేదు. ఈ వయసులో ముందు మాత్రలు కావు, ముందు తల్లికి, టీచరుకు నేర్పాలంది. పేరు పిలిచి, కళ్లలోకి చూసి, ఒకసారికి ఒకే పని చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి. రోజూ ఒకే వేళకు ఒకే పని జరగాలి. వారానికో గంట, పది వారాలు. అప్పటికీ చాలకపోతే పిల్లల డాక్టరుతో మాట్లాడి మందు సంగతి చూడొచ్చంది. మంగళవారాల్లో ఏడుగురు తల్లులతో క్లాసు మొదలైంది.

మూడో వారం ఒక పొద్దున సెనోబియా నాకు జావ పోసి గ్లాసు ఎత్తి చూపించింది.

"చూడండి కసేరో, అడుగు కూడా కడిగింది. మొత్తం అదే కడిగింది."

వాడుకగా వచ్చేవాళ్లను మా మార్కెట్లో అలాగే పిలుస్తారు. సభకు ఆలస్యమవుతున్నా ఇంకో గ్లాసు పోయించుకుని తాగాను. నా వృత్తికి అది మంచిది కాదు.

మంచిపనులు డైరెక్టర్ గారి కంట పడకుండా ఉండవు. ఆయన స్వయంగా ఆరోగ్య కేంద్రానికి వచ్చారు, వెనకాల నేను, నా వెనకాల ఫొటోగ్రాఫరు.

"పది వారాలేంటమ్మా? తట్టుని ఒక్కరోజులో తరిమేశాం. ప్రావిన్సులో కుక్కలన్నిటికీ ఒక్క పూటలో సూదులేశాం."

"ఇది సూది కాదు సార్" అంది మారిత్సా. "తల్లులు ఇంట్లో చేసి చూసి, మళ్లీ వచ్చి ఎలా జరిగిందో చెప్పాలి. అందుకే వారం."

"అయితే పది వారాలవీ కలిపి ఒక్కరోజు చెప్పెయ్. ఇంట్లో చేసుకునేది ఎలాగూ ఇంట్లోనే చేసుకుంటారు."

ఈ కాస్త సంభాషణలోనే ఆయన రెండు ఫోన్లు మాట్లాడారు, మూడు ఫైళ్లు తెరిచి ఏదీ మూయలేదు, టోపీ అక్కడే మరిచిపోయి వెళ్లిపోయారు. పని ఒత్తిడి అలాంటిది. మర్నాడే క్లాసు గదిలోకి టెంట్లు, బెలూన్లు, బ్యానర్లు చేరాయి. కుదురు దినం ఏర్పాట్ల కోసం మంగళవారం క్లాసులు ఆపేశారు.

పన్నెండో తేదీ మైదానంలో బెలూన్ల తోరణం లేచింది. బ్యాండు వచ్చింది. ప్రావిన్సు నలుమూలల నుంచి నాలుగు వందల పన్నెండు మంది పిల్లలను తల్లులు తీసుకొచ్చారు. కార్యక్రమంలో పన్నెండు అంశాలు. పదకొండోది 'చికిత్స'.

తొమ్మిదింటికి మొదలుపెట్టాను. వేదిక మీద పద్నాలుగు మంది పెద్దలు. పద్నాలుగో పేరు పూర్తి కాగానే సబ్-ప్రిఫెక్టు గారు వచ్చారు, మళ్లీ మొదటినుంచి చదివాను. చదవడం అయీ అవగానే పోలీసు అధికారి వచ్చారు. తర్వాత డైరెక్టర్ గారు ప్రసంగించి పదహారు మందినీ పలకరించారు, పురపాలక అధ్యక్షుడు పలకరించాడు, గినీపందుల పెంపకందార్ల సంఘం పలకరించింది. పదిన్నరకు ఎండ నెత్తికెక్కింది. వందమంది పిల్లలు బ్యాండు మేళం డోలును పట్టుకుని మైదానం చుట్టూ దొర్లిస్తున్నారు. డైరెక్టర్ గారికి చాలా బాధ కలిగింది.

"చికిత్సకొచ్చి ఇలా పరిగెత్తితే ఎలాగయ్యా?" అని నా చెవిలో అన్నారు.

బ్రీసా మాత్రం వేదిక మెట్టు మీద కూర్చుని నా నోటి వంకే చూస్తోంది.

పావుతక్కువ పన్నెండుకు పదకొండో అంశం వచ్చింది. మారిత్సా మైకు అందుకుని, "అమ్మలూ, ముందు పిల్ల పేరు పిలిచి" అంది. అంతవరకే అంది. తోరణం కింద గవర్నరు గారి కారు ఆగింది. ఆమె చేతిలోంచి మైకు తీసుకుని పదిహేడు మందినీ మొదటినుంచి పలకరించాను. గవర్నరు గారు పక్క ఊళ్లో శంకుస్థాపనకు వెళ్లాలి కాబట్టి పెద్దలందరూ ఆయన వెంట లేచారు. పెద్దలు లేని సభను సభ అనరు, మైకు కట్టేశారు. ముందే అచ్చువేసి తెచ్చిన కాగితాలు గేటు దగ్గర పంచారు. 'పది వారాల చికిత్స ముగించి సంపూర్ణంగా కోలుకున్నట్టు ధ్రువీకరించడమైనది.' సంతకం డైరెక్టర్ గారిది.

తర్వాతి మంగళవారం మారిత్సా గదిలోంచి బెలూన్లు తోసేసి క్లాసు పెట్టబోయింది. కుదరలేదు. నాలుగు వందల పన్నెండు మందీ కోలుకున్నట్టు కంప్యూటరులో ఉంది. కోలుకున్నవాళ్లకు మళ్లీ చికిత్స అంటే డైరెక్టర్ గారిని అవమానించడమేనని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రోగులే లేని చోట సైకాలజిస్టు ఎందుకని ఆమెను పక్క ప్రావిన్సుకు పంపారు, అక్కడి కుదురు దినానికి ఏర్పాట్లు చేయడానికి.

సెనోబియా కాగితం తీసుకెళ్లి దోన్యా ఒర్తెన్సియాకు ఇచ్చింది. ఆమె మాట మీద నిలబడే మనిషి, సెలవులు అయ్యాక పిల్లను చేర్చుకుంది. నాలుగో రోజు చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తెచ్చి దించింది.

"జబ్బున్నన్నాళ్లూ ఓర్చుకున్నానమ్మా. ఇప్పుడు నయమైంది కదా, కాగితం ఉంది. ఇంకా పరిగెడుతోందంటే అది పొగరే."

ఆ మర్నాడు జావకు వెళ్లాను. సెనోబియా తన శాలువాతో బ్రీసా నడుముకూ బండి చక్రానికీ ముడి వేసింది. జావ పోస్తూ నా మొహం చూడలేదు.

"బస్సులు తిరిగే చోటు కసేరో. ఏం చెయ్యమంటారు?"

అంతలో బ్రీసా నన్ను చూసి, కింద ఉన్న గరిటె తీసి నోటి ముందు పట్టుకుంది. "మహా ఘనత వహించిన గవర్నరు గారికి" అని మొదలుపెట్టింది. పదిహేడు మందినీ హోదాలతో సహా, వరస తప్పకుండా, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. పశువైద్య ఉపాధికారి సరిగ్గా తన చోట్లోనే ఉన్నాడు. ఇరవై రెండేళ్లయినా నాకు చూసి చదవడానికి కాగితం కావాలి.

చెప్పడం అయ్యాక శాలువా అందినంత దూరం వచ్చి నా కోటు పట్టుకుంది.

"తర్వాత?"

"తర్వాతేంటి తల్లీ?"

"అందరూ వచ్చేశారుగా. ఇప్పుడేం మొదలవుతుంది?"

నాకు సభ ఉందని చెప్పి, సగం తాగిన గ్లాసు బండి మీద పెట్టి వచ్చేశాను.