బావ కారాట, చెల్లెలి హోల్డాన్

మా బావ పట్టిన స్టీరింగును ఆపగల మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు. ఆయన బస్సు తోలుతుంటే గాలి కూడా పక్కకు జరిగి దారిచ్చేది. అంతటివాడు రిటైరయ్యాక, కొత్త కారు తాళం బొడ్లో దోపుకుని తిరగడం మొదలెట్టాడు.

కారణం మా చెల్లెలు. ఆ బస్సులోనే కండక్టరుగా చేరి ఆయన్ని చేసుకుంది. ఇంకా సర్వీసుంది. ఈమధ్యే లైసెన్సు తెచ్చుకుని, ఆదివారం మా అక్కయ్య ఇంటికి కారు తనే నడుపుతానని పట్టుబట్టింది.

"నువ్వు టికెట్లు కొట్టు, బండి నాకొదిలెయ్."

"ఇన్నేళ్ళూ మీ వెనకే నిలబడ్డాను. ఒక్కపూట ముందు కూర్చుంటే ఇంజను అలుగుతుందా?"

బావకు ఉపాయం తట్టింది. కూతురు చిన్నప్పుడు కొన్న టీవీ ఆట అటక మీంచి దించాడు. ఆటంటే ఎంత! నల్లటి తెర మీద రెండు వరసల తెల్ల చుక్కలు. అది రోడ్డని మనం నమ్మాలి. బటన్ నొక్కితే కారు పోతుంది, వదిలితే ఆగుతుంది. టైమయ్యేలోగా ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళదే గెలుపు.

"నన్ను గెలువు, తాళం నీది," అన్నాడు పెద్దమనిషిలా. ఆమె డ్యూటీకెళ్ళిన మధ్యాహ్నాలన్నీ తలుపేసుకుని సాధన చేసిన సంగతి మాత్రం మింగేశాడు.

ఆదివారం పొద్దున బావ కారు తెర మీద రివ్వున లేచింది. వెనక నిలబడ్డ చెల్లెలు దువ్వెనతో కుర్చీని టకటకా కొట్టి, బస్సులో బండి ఆపించేటప్పటిలాగే "హోల్డాన్!" అంది.

బావ బొటనవేలు దానంతటదే లేచిపోయింది. కారు ఆగింది.

"ఎందుకాపావే?"

"ఆపింది మీరు. ముసలావిడ దిగాలట."

"ముసలావిడెవరే!"

"దిగిపోయింది లెండి. రైట్ రైట్!"

వేలు మళ్ళీ బటన్ మీదికి దిగింది. టైమయ్యేసరికి ఎక్స్‌ప్రెస్సు కాస్తా చెయ్యెత్తిన చోటల్లా ఆగే బస్సయిపోయింది. మొనగాడు పుట్టలేదన్నాను కదా, నిజమే. పుట్టింది మొనగత్తె.

ఆమె వంతు రాగానే బావ గొంతు చించుకుని "హోల్డాన్" అని అరిచాడు.

"అది చెప్పేదాన్నండీ నేను, వినేదాన్ని కాను," అంటూ దూసుకుపోయింది.

తాళం చేతులు మారింది. బావ ముఖం వేలాడేసుకునే కారు వెనక నిలబడి, "రానీ, రానీ" అంటూ రోడ్డెక్కించాడు. డిక్కీ మీద రెండు దెబ్బలేసి, "రైట్ రైట్!" అన్నాడు.

రైట్ చెప్పినవాడు బండెక్కే ఉంటాడని కండక్టరు లెక్క. కారు వెళ్ళిపోయింది.

సందు చివర అద్దంలో చూసి, నాలిక్కరుచుకుని వెనక్కొచ్చి, "ఎక్కండి మహాశయా" అని తలుపు తీసింది.

ఈ వెనక్కి రావడం ఒక్కటే నా కల్పన. ఆమె తిన్నగా అక్కయ్య ఇంటికే వచ్చింది. బావ బస్సెక్కి వచ్చాడు, దారి పొడుగునా ఆ డ్రైవరుకు తప్పులు పడుతూ. అక్కయ్య ఇంటి దగ్గరి స్టాపులో మా చెల్లెలు కారు పెట్టుకుని ఎదురుచూస్తోంది. దిగగానే అడిగింది: "టికెట్టు తీసుకున్నారా?"