బడికీ బంకుకీ మధ్య దూరం

ప్రజల సౌకర్యం దృష్ట్యా బడి పక్కనే పెట్రోలు బంకు, దాన్నానుకుని బ్యాటరీ కార్లకు చార్జింగు కేంద్రం పెట్టాలని స్థల నిర్ణయ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏడుగురు సభ్యుల్లో ఒక్కరూ స్థలం చూడలేదు కాబట్టి అభిప్రాయభేదాలకు తావు లేకపోయింది.

కొలిచే పని సర్వేయరు మీద పడింది. టేపు చెప్పిందే వేదమని ఇరవై రెండేళ్ళుగా నమ్ముతున్న అమాయకుడు. భూమిలో పాతే పెట్రోలు ట్యాంకుకీ తరగతి గదికీ మధ్య ముప్పై మీటర్లుండాలని నిబంధన. టేపు పదకొండు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ కొలిచినా అంతే. కిటికీలోంచి రెండో తరగతి పిల్లలు అతన్ని చూసి చేతులూపారు. వాళ్ళలో ఒకతె అతని కూతురే.

"పదకొండే వస్తోంది సార్," అన్నాడు సంఘం ముందు నిలబడి.

సభ్యులు ఆలోచించుకోవడానికి వారం గడువు తీసుకున్నారు. వారం తిరిగేసరికి అధ్యక్షుడు జ్ఞానోదయమైన మొహంతో వచ్చాడు.

"ఎలా కొలిచావయ్యా?"

"తిన్నగా సార్."

"మధ్యలో ప్రహరీ ఉందిగా! గోడలోంచి ఎవడైనా నడుస్తాడా? గది గుమ్మం దిగు, వరండా దాటు, గేటులోంచి బయటికొచ్చి మలుపు తిరుగు. అప్పుడు చెప్పు ఎంతో!"

"మంటకి గేటుతో పనేముంది సార్?"

ఈ ప్రశ్న నేటి అజెండాలో లేదని కార్యదర్శి తెలియజేశాడు.

అలా కొలిస్తే ముప్పై రెండొచ్చింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే మిగతా చిక్కులూ విప్పేశారు. ట్యాంకరు లారీ తిరగడానికి చోటు చాలకపోతే, పటంలో లారీని చిన్నదిగా గీయించారు. ఒక్కో కారు చార్జింగుకు ముప్పావుగంట పడుతుంది, వెనక వచ్చినవి ఆగేదెక్కడ? బడి ఆటస్థలానికి పటంలో రంగు మార్చారు. పిల్లలకు ఆటల కంటే చదువు ముఖ్యమని అధ్యక్షుడు పావుగంట ప్రసంగించాడు.

కొలతల కాగితం మీద సంతకం పెట్టమంటే సర్వేయరు కలం మూత తీయలేదు.

"ఉద్యోగం బరువుగా ఉంటే చెప్పవయ్యా, దింపేస్తాం," అన్నాడు అధ్యక్షుడు ఎంతో ఆప్యాయంగా.

సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, సంతకం మాత్రం గుండ్రంగా కుదిరింది.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని ఊరి అవతలి చివరనున్న బడికి పరుగెత్తాడు. దరఖాస్తులో పాత బడి మానడానికి కారణం అడిగారు. 'పెట్రోలు ట్యాంకు పదకొండు మీటర్ల దూరంలో వస్తున్నందున' అని రాశాడు. గుమాస్తా చదివి, ఏమీ ఆశ్చర్యపోకుండా ముద్ర వేశాడు.

"మీది ఎనిమిదోదండీ. సంఘం వాళ్ళు ఏడుగురూ పోయిన వారమే పిల్లల్ని చేర్పించేశారు. అందరూ పదకొండనే రాశారు."

బంకు తెరిచాక, పాత బడిలో మిగిలిన మూడు వందల పన్నెండు మంది పిల్లలు ముప్పై రెండు మీటర్ల దూరంలో క్షేమంగా చదువుకుంటున్నారు. పిల్లల్ని దింపి, టిఫిను తిని వచ్చేలోగా బండి చార్జింగు అయిపోతోందని వాళ్ళ తల్లిదండ్రులు సంఘానికి సన్మానం చేయబోతున్నారు.