శంకరవ్వ అన్నం పెట్టిన వాక్యం

పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు వంతులవారీగా దయచేస్తున్న ఈ ఎనభై ఆరో సంవత్సరంలోనూ మా ఊరి బడిలో ఆంగ్ల వ్యాకరణం దినదినాభివృద్ధి చెందుతున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. గొల్లపల్లి చుట్టుపక్కల మరే ఊరికీ ఈ భాగ్యం లేదు.

అంతా వెంకటేశం సారు పుణ్యం. వాక్యంలో కర్మలు రెండని, ‘ఏమిటి’ అని అడిగితే వచ్చేది ప్రత్యక్ష కర్మ అని, ‘ఎవరికి’ అని అడిగితే వచ్చేది పరోక్ష కర్మ అని చెప్పి, పిల్లలకు బాగా పట్టుబడాలని ఊరి మనిషి పేరుతోనే బోర్డు మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాశారు: శంకరవ్వ చుట్టాలకు అన్నం పెట్టింది. ఇందులో అబద్ధమేమీ లేదు. తలుపు తట్టినవాళ్లకు పేరడగకుండా పెట్టడం మా ఊరి మర్యాద. ఒంటరిదైనా శంకరవ్వ దాన్ని అందరికన్నా ఎక్కువ పాటించేది.

శనివారం బోర్డు తుడవడం మరిచారు. ఆదివారం గాలింపుకొచ్చిన పోలీసులు బడిలోనే దిగారు. ఎస్సైగారు ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివారు. మా బడికి అంతటి శ్రద్ధగల విద్యార్థి మునుపెన్నడూ రాలేదు. ఏమిటి పెట్టిందో సులువుగానే తేలింది. ఎవరికి పెట్టిందో తేల్చడానికి శంకరవ్వను జీపెక్కించబోయారు.

“ఎవలకంటే ఏం చెప్పాలె సారూ? ఆకలైనోళ్లకు పెట్టిన. మొన్న జీపు ఖరాబైతే మీరు తిన్నది గూడ గా అన్నమే గదా!” అన్నది ముసల్ది.

ఉదాహరణ సరైనదే గానీ ఎస్సైగారికి నచ్చలేదు. మూడు రోజులకు వదిలారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

మర్నాడు అన్నలు వచ్చారు. వాళ్లూ రెండే ప్రశ్నలు అడిగారు: ఠాణాలో ఏం చెప్పినవు? ఎవలకు చెప్పినవు? ఇరుపక్షాలకూ వ్యాకరణంలో భేదాభిప్రాయం లేనందుకు ఊరంతా ముచ్చటపడ్డాం.

సర్పంచి ఓదెలు సభ పెట్టి గంభీరోపన్యాసం చేశారు. “అయ్యలారా, ఇయ్యాల్టి సంది మన ఊర్లె ఎవలు ఎవలకు ఏం ఇయ్యద్దు. బోర్డు మీద ఇయ్యద్దు, ఇండ్లల్ల గూడ ఇయ్యద్దు. గప్పుడు అడిగెటోడే ఉండడు!”

చప్పట్లు మోగాయి. వెంకటేశం సారు మరునాడు ‘సూర్యుడు వెలుగునిచ్చును’ అని రాసి, ఎవరికి అని తనకే అనుమానమొచ్చి తుడిచేశారు.

ఆ మధ్యాహ్నమే మా తలుపు చప్పుడైంది.

“నేనే కొడుకా, శంకరవ్వను. చెయ్యి లేస్తలేదు, రెండు దినాల సంది పొయ్యి అంటియ్యలే. జెర గట్క పెట్టుండ్రి.”

మా పొయ్యి మీద గట్క కుతకుత ఉడుకుతున్నది. ఏమిటి అనేదానికి జవాబు కుండలో ఉంది. ఎవరికి అనేదానికి జవాబు గుమ్మం బయట నిలబడి ఉంది. మేం పాఠం శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లం.

“ఇంట్ల ఎవలు లేరు” అని లోపలి నుంచే చెప్పాం.