అంతర్జాతీయ సభ్యుడూ, సుల్తానా బేగం పిత్తాశయమూ

డాక్టర్ పేరు వెనక ఎన్ని అక్షరాలుంటే రోగికి అంత మేలు! ఈ మాట గాలికి అనడం లేదు. డోర్నకల్ జంక్షన్‌లో ముప్పై ఏళ్లు టికెట్లిచ్చి రిటైరైనవాణ్ని. కిటికీలోంచి మనిషిని చూసి ఏ క్లాసో చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

సర్జన్లు ఆపరేషన్లు పక్కన పెట్టి అంతర్జాతీయ సభ్యత్వాల వెంట పడుతున్నారని ఈ మధ్య కొందరు గొణుగుతున్నారు. పడితే తప్పేమిటి? క్రికెటర్ విదేశాలు తిరిగితే చప్పట్లు కొడతాం. కౌన్సిలర్ స్టడీ టూరుకు వెళ్లొస్తే దండ వేస్తాం. ఊరందరి పొట్టల్లో కెమెరా పెట్టి చూసే మనిషి కాస్త ప్రపంచాన్ని చూడకూడదా?

హన్మకొండలో మా డాక్టర్ భానుచందర్ గారినే తీసుకోండి. పెద్ద కోత లేకుండా నాలుగు చిన్న చిల్లులతో ఆపరేషన్ చేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఇందులో ఎకసెక్కం ఏమీ లేదు, చెయ్యి నిజంగా మంచిదే. కాకపోతే ఆ చెయ్యి ఊళ్లో ఉండాలి.

ఆయన బోర్డు మీద పేరు ఒక లైను, అక్షరాలు నాలుగు లైన్లు. పోయిన ఏడాది లాప్రోస్కోపీ సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య ఒకటి ఆయన్ని సభ్యుణ్ని చేసింది. దసరాకు ఇంకో సమాఖ్య ఫెలోగా ఎంపిక చేసింది. చోటు చాలక చివరి రెండక్షరాలు పక్కనున్న టిఫిన్ సెంటర్ గోడ మీదికి ఎక్కాయి. అప్పట్నుంచి అక్కడి వడ తింటే నాకు గ్యాస్ రావడం లేదు!

ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్. అంటారా? అవి చదివితే వస్తాయి. చదివితే వచ్చేదానికి గొప్పేముంది, చదివిన ప్రతివాడికీ వస్తుంది. సభ్యత్వం అలా కాదు. ఫారం నింపాలి, ఫోటో అంటించాలి, ఇద్దరు పాత సభ్యులు ఈయన గొప్పవాడని సంతకం పెట్టాలి, తర్వాత వాళ్లు గొప్పవాళ్లని ఈయన ఎక్కడో సంతకం పెట్టాలి. ఆపైన గౌను, టోపీ, ఫోటో. చౌరస్తాలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ఇంత శ్రమ ఏ పరీక్షలో ఉంది చెప్పండి?

ఇక అసలు సంగతికొస్తాను. కొత్తవాడలో మా పక్కింటి సుల్తానా బేగం దర్రీలు, అంటే జంపఖానాలు, నేస్తుంది. పోయిన చలికాలం అన్నం తినగానే కుడి డొక్కలో నొప్పి మొదలైంది. స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్లన్నారు. కూతురు మెహనాజ్ ఆమెను డాక్టర్ సరస్వతి గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ రిపోర్టు చూసి, "గురువారం రా అమ్మా, చేసేద్దాం. లేటు చేస్తే ముదురుతది" అన్నారట.

మా వాడలో మందుల చీటీ అయినా, ఇంగ్లీషు బోర్డయినా నాతో చదివించుకోకుండా ఎవరూ అడుగు వేయరు. మెహనాజ్ అడిగిందని స్వయంగా వెళ్లి సరస్వతి గారి బోర్డు చూసొచ్చాను. ఎం.ఎస్., అక్కడ చుక్క. అంతే! మనిషి అక్కడితో ఆగిపోయింది.

"బిడ్డా, ఈమెకు ఎం.ఎస్. తప్ప ఇంకేం లేదు. భానుచందర్ సార్ ఉండంగ మీ అమ్మను ఈమె చేతిల ఎట్ల పెడ్తం?" అన్నాను.

సుల్తానా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "యాదగిరన్న చెప్పినంక ఇంకేం ఫికర్" అంది.

భానుచందర్ గారి ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ఇచ్చిన మొదటి తేదీ ఒక సోమవారం. పొద్దున్నే పరగడుపున వెళ్లాం. రిసెప్షన్‌లో కావ్య అనే అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "అమ్మా, సార్ లిస్బన్‌ల ఉన్నరు. ఫెలోషిప్ ఇస్తాండ్రు. వచ్చే బుధవారం రాండ్రి."

"అక్కడోళ్లకు గూడ రాళ్లయితాన్నయా బిడ్డా?" అని అడిగింది సుల్తానా.

"అక్కడ ఆపరేషన్లుండయమ్మా. ఆపరేషన్ల మీద మాటలుంటయి."

చూశారా లాభం! కేసముద్రం స్టేషన్ అవతల ఏముందో చూడని మనిషికి పైసా ఖర్చు లేకుండా లిస్బన్ తెలిసింది. ఏ బడి నేర్పుతుంది ఇంత భూగోళం?

బుధవారం మళ్లీ పరగడుపున వెళ్లాం. డాక్టర్ గారు ఊళ్లోనే ఉన్నారు, కానీ నిద్రలో ఉన్నారు. ఆయన శరీరానికి ఇంకా అక్కడి టైమే నడుస్తోందట. పన్నెండింటిదాకా చూసి ఇంటికి పంపారు. ఆటోలో సుల్తానా అంది: "రోజాకైతే ఇఫ్తార్ టైమ్ ఎరుకైతది అన్నా. ఈ ఉపాసం ఎప్పుడిడువాల్నో ఎవలనడుగాలె?"

అంత పెద్ద డాక్టర్ కోసం ఈమాత్రం ఆగలేమా?

మూడోసారి ఆలస్యమే లేదు. పొద్దున ఎనిమిదింటికే చేతికి సెలైన్ సూది పెట్టారు. తొమ్మిదింటికి సన్మాన సభ మొదలైంది. ఆపరేషన్ థియేటర్ పక్క హాల్లోనే! అంతర్జాతీయ ఫెలో అయినందుకు శాలువాలు, బొకేలు, ఆరుగురి ఉపన్యాసాలు. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే ఫోటో బాగుండదని ఆపరేషన్ కోసం వచ్చినవాళ్లను తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. సూదున్న చెయ్యి కదపొద్దన్నారు గనక సుల్తానా రెండో చేత్తో తొడ మీద కొడుతూ చప్పట్లు పూర్తి చేసింది. అందరికీ లడ్డూ, మిర్చి బజ్జీ ఇచ్చారు. ఆమె తినకూడదు కదా, పొట్లం నా చేతికిచ్చింది. నేను తిన్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

మధ్యాహ్నం మూడింటికి కావ్య వచ్చి, "సార్ మస్తు అలిసిపోయిండ్రు. శనివారం పెట్టుకుందాం" అని నర్సుతో సూది తీయించింది.

ఆ శనివారం రాకముందే, శుక్రవారం మధ్యాహ్నం సుల్తానా మగ్గం మీదే వాలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. డొక్క ముట్టుకోనివ్వడం లేదు. ఆటోలో వేసుకుని పరుగెత్తాం. మన అదృష్టం, డాక్టర్ గారు ఊళ్లోనే ఉన్నారు, మేలుకునే ఉన్నారు. వెంటనే థియేటర్‌లోకి తీసుకెళ్లారు. గంటలో అయ్యే ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది.

బయటికి వచ్చి చెమట తుడుచుకుంటూ చెప్పారు. "ప్రాణానికేం ఫికర్ లేదు యాదగిరి గారూ. కానీ లోపలంత చీము పట్టి అతుక్కపోయింది. కెమెరాతోని కాలే, కోయాల్సొచ్చింది. జర ముందే తీసుకొస్తే చిన్న చిల్లులతోని అయిపోతుండె."

ముందే తెచ్చాం సార్, మూడుసార్లు తెచ్చాం అనాలి కదా? అనలేదు. ఎదురుగా రెండు అంతర్జాతీయ సమాఖ్యల మనిషి నిలబడితే నాలాంటివాడికి నోరెలా లేస్తుంది?

మెహనాజ్ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. గురువారం రమ్మన్న డాక్టర్ దగ్గరికి పోనివ్వకుండా అడ్డం పడింది నేనే కదా. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు సుల్తానా పొట్ట మీద జానెడు కోత ఉంది. మూడు నెలలు మగ్గం ఎక్కొద్దన్నారు, బిందె కూడా ఎత్తొద్దన్నారు. ఆ ఇంట్లో మగ్గం తప్ప ఇంకో ఆధారం లేదు. సగం నేసిన దర్రీ అలాగే ఉంది.

అయినా నా వాదన మారలేదు. ఎందుకంటే ఆరో రోజు రౌండ్స్‌కు వచ్చినప్పుడు డాక్టర్ గారి ముఖం వెలిగిపోతోంది.

"సుల్తానమ్మా, నీకో ఖుషీ కబురు! నీ కేసు ఇస్తాంబుల్ సదస్సుకు సెలెక్ట్ అయింది. నీ పిత్తాశయం వీడియో ముప్పై దేశాల డాక్టర్లు చూస్తరు. ఈ పేపర్ చదివితే ఇంకో సమాఖ్య మెంబర్‌షిప్ ఇస్తాంది."

ఎంత గౌరవం! కొత్తవాడ నుంచి ఇంతవరకు ఏ పిత్తాశయమూ విదేశాలకు వెళ్లలేదు. పేపర్ పేరేమిటని కుతూహలంగా అడిగాను. ఆయన ఫోన్ తీసి చూపించారు. ఇంగ్లీషులో ఉంది, నేనే తెలుగు చేసి సుల్తానాకు వినిపించాను. 'ఆలస్యంగా వచ్చే రోగులు: సర్జన్ ఎదుర్కొనే కష్టాలు.'

సుల్తానా డొక్క పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎన్నడు పోతాండ్రు సార్?"

"శనివారం పోయి గురువారం వస్త."

"కుట్లిప్పేది సోమారం అన్నరు గద సార్. మరి ఎవలిప్పుతరు?"

డాక్టర్ గారు వెంట వచ్చిన కావ్య వైపు చూశారు. కావ్య క్యాలెండర్ వైపు చూసింది. ఇస్తాంబుల్‌లో ప్రతి పేపర్ చివర పది నిమిషాలు ప్రశ్నలకు వదులుతారట. సుల్తానా అడిగిన ఈ ప్రశ్నను అక్కడ అడిగే సభ్యుడు ముప్పై దేశాల్లో ఒక్కడైనా ఉంటే, ఆయన పేరు వెనక ఎన్ని అక్షరాలున్నా నేను లెక్కపెట్టను.